పాట ఆగితే

బాత్రూంలోంచి పాట మొదలవగానే టైలరమ్మ మిషను తొక్కడం ఆపేసింది. సూది గుడ్డలోకి సగం దిగి అక్కడే నిలబడిపోయింది. చెయ్యి చక్రం మీద, కాలు పలక మీద ఉన్నాయి కానీ చెవులు మాత్రం వంటింటి పక్కనున్న ఆ తలుపు మీదే ఉన్నాయి.

ఆ తలుపుకి గడియ లేదు. గడియ ఉండవలసిన చోట మేకుల కన్నాలు, వాటి చుట్టూ పెచ్చు లేచిన చెక్క. ఇంటికి ఎన్నిసార్లు రంగు వేయించినా ఆ చోటు మాత్రం మానిన గాయంలా పైకి కనిపిస్తూనే ఉంటుంది.

“రోజూ ఇదే పాటా?” హాల్లో టీ తాగుతున్న అత్తగారు విసుక్కుంది. “దానికి ఇంకోటి రాదా?”

“ఏదో ఒకటి లెండి అత్తయ్యా. ఆగకుండా ఉంటే చాలు.”

“పల్లవి దాటి ముందుకు పోదు. నిన్న చరణం పాడుతుందేమోనని కాచుక్కూర్చున్నాను. మళ్ళీ మొదటికే వచ్చింది.”

టైలరమ్మ నవ్వబోయింది. అంతలో పాట తెగిపోయింది. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. ఒడిలో గుడ్డ జారిపడుతున్నా పట్టించుకోకుండా, ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోది వెతుక్కోకుండానే తలుపు దగ్గరికి పరుగెత్తింది.

“పిచ్చుకా.”

“షాంపూ అమ్మా, నోట్లోకి పోయింది.” లోపల ఉమ్మిన చప్పుడు. తరువాత పాట ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడినుంచే మళ్ళీ అందుకుంది.

టైలరమ్మ గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. పిచ్చుక అని పేరు పెట్టింది తండ్రి. పొద్దున లేస్తే పాడుతుంది కనుక. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా, “మీ అమ్మాయికి సంగీతం నేర్పించకపోయారా, ఇంత ఇష్టంగా పాడుకుంటుంది,” అనేవారు. అన్నప్పుడల్లా ఆమె నవ్వి ఊరుకునేది.

అసలు సంగతి ఇంట్లో వాళ్ళకే తెలుసు. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున్నే స్నానానికి వెళ్ళింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటు ఒకటి ఉండి, టైలరమ్మ తలెత్తకుండా మిషను తొక్కుతోంది. లోపల పిల్ల పడిపోయిన చప్పుడు ఆ మిషను చప్పుడులో కలిసిపోయింది. తలుపు కిందనుంచి నీళ్ళు వంటింట్లోకి పారి, ఆమె పాదం తడిసినప్పుడుగాని తెలియలేదు. భర్త భుజంతో గుద్ది గడియ విరగ్గొట్టాడు.

మూర్ఛ అని డాక్టరు చెప్పాడు. ఆ మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. ‘అది’ అనేవారు. అది వచ్చింది, అది రాలేదు. మాత్రలు తప్పకూడదు, నిద్ర చెడకూడదు, స్నానానికి స్టూలు మీద కూర్చోవాలి, తలుపుకి గడియ పెట్టకూడదు. ఇంతవరకు డాక్టరు చెప్పినవి. పాట మాత్రం డాక్టరు చెప్పింది కాదు, టైలరమ్మ సొంతం. “నువ్వు పాడుతూ ఉండు తల్లీ, నేను వింటూ ఉంటాను,” అంది ఆ వారమే. అప్పట్లో పిల్లకి అదొక ఆటలా ఉండేది.

ఇప్పుడా పిల్ల కాలేజీలో చివరి సంవత్సరం. అది వచ్చి ఏడాది దాటిపోయింది. ఆ కబురు టైలరమ్మ చెవులకి ఇంకా అందలేదు.

వచ్చే వారం ఆ పిల్ల విమానం ఎక్కుతోంది. కాలేజీ సేవాబృందంతో సముద్రం అవతలి దేశానికి, మూడు వారాలు. అక్కడ కుర్రకారు కోసం నడుస్తున్న కేంద్రాలున్నాయట. చదువు మానేసినవాళ్ళు, ఇంట్లో పొసగనివాళ్ళు సాయంత్రాలు వచ్చి కూర్చునే చోట్లు. వీళ్ళు వెళ్ళి గోడలకి రంగులేసి, కుర్చీలు బాగుచేసి, ఆ పిల్లలతో కలిసి తిరిగి, వాటిని ఎలా నడుపుతున్నారో చూసి రావాలి. వచ్చాక బస్సు డిపో వెనక పాడుబడ్డ గిడ్డంగిలో అలాంటిదే ఒకటి తెరవాలని ఆలోచన. ఆ గిడ్డంగి మాట మొదట ఎత్తింది పిచ్చుకే. అందుకని లెక్చరర్ మేడమ్ బృందంలో ముందు ఆమె పేరే రాసుకుంది.

“ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్నాను,” అన్నాడు తండ్రి, బస్సు డ్రైవరు, యూనిఫాం చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. “ఈ ఊరి పొలిమేర దాటలేదు. నా కూతురు ఏకంగా సముద్రం దాటుతోంది.”

“మీరు దాటితే ప్రయాణికులు ఊరుకుంటారా నాన్నా?” తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది పిచ్చుక.

“మాత్రలు బ్యాగులో కొన్ని, చేతిసంచిలో కొన్ని పెట్టుకో,” అంది టైలరమ్మ. “విమానంలో నిద్ర మానుకుని కబుర్లు పెట్టుకోకు. నీ గదిలో ఉండేదెవరు?”

“పొట్టి.”

“ఆ పిల్ల మంచిదేనా?”

“మంచిదేనా కాదా అని కాదు, తనకి సరిపోయే మంచం దొరుకుతుందా అని మేడమ్ దిగులు.”

పొట్టి అనేది స్నేహితులు పెట్టిన పేరు. మనిషి మాత్రం గుమ్మంలోకి రావాలంటే తల వంచాలి.

బృందంలో అందరికీ పసుపు రంగు చేతుల్లేని కోట్లు కుట్టే పని టైలరమ్మ తానే అడిగి తీసుకుంది. “రాత్రీ పగలూ కోట్లు కుడుతున్నావు, మనింటికి ఆ కోట్లు ఎప్పుడొస్తాయో,” అని అత్తగారు మూడు రోజులుగా అదే జోకు వేస్తోంది. కానీ టైలరమ్మ ఆ పని తీసుకోవడానికి వేరే కారణముంది. కొలత పేరు చెప్పి ఆ పొట్టిని ఒకసారి ఒంటరిగా చూడాలి.

ఆ మధ్యాహ్నం పిచ్చుక కాలేజీలో ఉండగా పొట్టి వచ్చింది. భుజాల కొలత తీయడానికి టైలరమ్మ పీట ఎక్కవలసి వచ్చింది.

“నీతో ఒక మాట చెప్పాలి తల్లీ,” అంది టేపు మెడ చుట్టూ తిప్పుతూ. “ఎవరికీ చెప్పనని మాటిస్తేనే.”

“పిచ్చుక ఆరోగ్యం సంగతేనా ఆంటీ? మాకు తెలుసు. తనే చెప్పింది.”

టైలరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది. “మీకంటే, ఎవరికి?”

“అందరికీ. మేడమ్‌కి మొదటిరోజే చెప్పిందట. మొన్న మీటింగులో నేల మీద పడుకుని మరీ చూపించింది. పక్కకి తిప్పాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపు ఉందో చూసుకోవాలి అని. ఒక్కొక్కళ్ళ చేత చేయించింది కూడా. నేను రెండుసార్లు తప్పు చేశాను, తిట్టింది.”

ఇన్నేళ్ళుగా గుట్టుగా దాచిన మాట అంతమంది నోళ్ళలో ఉందనేసరికి టైలరమ్మకి వేసుకున్న బట్టకి వీపున కుట్లు ఊడిపోయినట్టనిపించింది. పీట దిగి కూర్చుంది.

“స్నానం సంగతి చెప్పిందా?”

“గడియ పెట్టనంది. స్టూలు మీద కూర్చుంటానంది.”

“పాట సంగతి?”

“పాటేంటి ఆంటీ?”

టైలరమ్మ చెప్పింది. నీళ్ళు పాదానికి తగలడం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. “నువ్వు తలుపు బయట కూర్చో తల్లీ. పాట వినిపిస్తుంటే భయం లేదు. ఆగితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకు, తోసుకుని వెళ్ళిపో.”

పొట్టి చాలా శ్రద్ధగా తల ఊపింది. “సరే ఆంటీ. నేను వింటాను. మీరు నిశ్చింతగా ఉండండి.”

గుండెలమీంచి ఒక బండ దిగినట్టయింది. ఆ సంతోషంలో పొట్టి కోటుకి లోపలివైపు ఎవరూ అడగని జేబు ఒకటి అదనంగా కుట్టింది.

ఆ సాయంత్రం పిచ్చుక బ్యాగు భుజాన ఉండగానే వచ్చి మిషను ముందు నిలబడింది.

“పొట్టికి ఏం చెప్పావమ్మా?”

“ఏం చెప్పాను. నీ మంచికే చెప్పాను.”

“అందరి ముందూ అడిగింది. నువ్వు ఏ పాట పాడతావో ముందే చెప్పు, నాకు గుర్తుంటుంది అని. అందరూ నావైపు చూశారు.”

“చూస్తే? పడితే ఏం చెయ్యాలో నేల మీద దొర్లి మరీ చూపించావటగా. ఇన్నేళ్ళూ నేను కడుపులో పెట్టుకు దాచింది నువ్వు బజార్న పెట్టొచ్చు. నేను ఒక్క పిల్లకి ఒక్క మాట చెప్పకూడదా?”

“అది జబ్బమ్మా. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాల్సినంత నేనే చెప్పాను. పాట జబ్బు కాదు. అది నీకోసం.”

“నాకోసమా?” టైలరమ్మకి కోపం తన్నుకొచ్చింది. “నాకోసం పాడుతున్నావా ఇన్నేళ్ళూ? కచేరీ పెట్టించుకున్నానా నేను?”

“మరెవరికోసం?” పిచ్చుక గొంతు పెరగలేదు, సన్నబడింది. “నాకు పాడటం ఇష్టమో కాదో కూడా నాకు తెలీదమ్మా. గొంతు నొప్పిగా ఉన్నా పాడాను. పరీక్ష తప్పిన రోజు పాడాను. తాతయ్య పోయిన మర్నాడు పాడాను, గుర్తుందా? ఇంటినిండా జనం. ఈ పిల్లకి బుద్ధుందా అన్నట్టు చూశారు. నేను ఏడుద్దామని వెళ్ళాను లోపలికి. ఏడిస్తే పాట ఆగుతుంది. పాట ఆగితే నువ్వొస్తావు.”

హాల్లో అత్తగారి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“అక్కడికి వెళ్ళేది పని మీదే. కానీ దాంతోపాటు ఒకటి అనుకున్నాను. మూడు వారాలు నోరు మూసుకుని స్నానం చేద్దామని. గడియ వేసుకోను, స్టూలు దిగను, వెళ్ళేముందు చెప్పి వెళ్తాను. పాడను, అంతే. ఆ మూడు వారాలు కూడా నువ్వు ముందే కొలత తీసి కుట్టేశావు.”

“నీకేం తెలుసే,” అంది టైలరమ్మ. “నువ్వు కళ్ళు మూసుకుని పడిపోయావు. చూసింది నేను. ఇక్కడే, ఈ మిషను ముందే కూర్చుని ఉన్నాను నేను.”

డ్యూటీ దిగి వచ్చిన తండ్రి గుమ్మంలో బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఏ జోకుకీ చోటు లేదని అర్థమై బూట్లు కింద కూడా పెట్టలేదు.

పిచ్చుక ఫోను తీసి తల్లి ముందు పెట్టింది. “పొట్టికి చెప్పు. అక్కర్లేదని చెప్పు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాడతాను, అక్కడ మాత్రం వద్దు.”

టైలరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. పేరు కనిపిస్తూనే ఉంది. వేలు కదల్లేదు. తడి పాదం గుర్తొచ్చింది. ఫోను తిరిగి కూతురి చేతిలో పెట్టేసింది.

“నావల్ల కాదు.”

“సరే,” అంది పిచ్చుక. స్నానానికి గడియ లేని ఆ ఇంట్లో ఆ మాట గడియ పడినట్టు వినిపించింది.

తరువాతి రోజుల్లో పొద్దున్నే పాట మామూలుగానే వచ్చేది. కానీ అది పాటలా లేదు, క్లాసులో హాజరు పలికినట్టు ఉంది. వింటూ కూర్చోవడం టైలరమ్మకి కష్టమైంది. అయినా మిషను తొక్కలేదు. అత్తగారు కూడా పల్లవి గురించి విసుక్కోవడం మానేసింది.

విమానాశ్రయంలో పసుపు కోట్లన్నీ ఒక గుంపుగా నిలబడ్డాయి. పొట్టి ఎత్తుగా అందరిమీంచి టైలరమ్మ వైపు చూసి, నాకు గుర్తుంది అన్నట్టు చెవి మీద వేలు పెట్టుకుంది. పిచ్చుక అది చూసింది. తల్లీ కూతుళ్ళు కౌగిలించుకున్నారు గాని, ఇద్దరి మధ్యా చేతిసంచి అడ్డంగా ఉండిపోయింది.

అవతలి దేశంనుంచి రోజూ పొద్దున ఫోను వచ్చేది. మొదటి కేంద్రం పాత ఈతకొలనట. నీళ్ళు తీసేసి, ఆ గుంటలోనే పిల్లలు నాటకాలు వేస్తారు, గట్టుమీద కూర్చుని జనం చూస్తారు. రెండోది సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక. మూడోది పెద్ద వడ్రంగి సాల. అక్కడే వీళ్ళకి వారం పైన పని.

“ఇక్కడ ఒక పద్ధతి ఉందమ్మా,” అంది పిచ్చుక ఒకరోజు. “పెద్దవాళ్ళెవరూ పిల్లల ఎదురుగా కూర్చోరు. వీపు పెట్టి కూర్చుంటారు, ఏదో పని చేసుకుంటూ. ఒకాయన కుర్చీ కోళ్ళకి గరుకు కాగితం రుద్దుతుంటాడు. ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతుంటుంది. మొదట్లో మాకు అవమానమనిపించింది.”

“అతిథులకి వీపు చూపించడమేంటి, చోద్యం.”

“అతిథులకే కాదు, అందరికీ. గుమ్మంలోనే పదిమంది తమ మొహంకేసి చూస్తే కొత్త పిల్లలు లోపలికి రారట. చప్పుడు వినిపిస్తే చాలట, మనిషి ఉన్నాడని తెలుస్తుందట. వాళ్ళే మెల్లగా వచ్చి పక్కన కూర్చుని మాట్లాడతారట.”

“మీ తాతయ్య బతికినన్నాళ్ళూ నాకు అలాగే వీపు పెట్టి కూర్చున్నాడు,” అని అత్తగారు ఫోన్లోకి అరిచింది. “నేనెప్పుడూ వెళ్ళి మాట్లాడలేదు. అదొక్కటే తేడా.”

పిచ్చుక నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే టైలరమ్మ అడిగేసింది. “స్నానం దగ్గర పొట్టి ఉంటోందా?”

అవతల నవ్వు ఆగిపోయింది.

“ఉంటోంది. రోజూ తలుపు బయట కూర్చుంటోంది. నేను పాడుతున్నాను. నువ్వే నెగ్గావులే.”

నెగ్గినందుకు టైలరమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తరువాత ఒక పొద్దున ఫోను రాలేదు. మిషను ముందు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. మిషను మీద ఫోను, ఫోను మీద చూపు. వస్తుందిలే, పనిలో ఉంటారులే అని అత్తగారు అంటూనే తన కుర్చీని ఫోను దగ్గరికి జరుపుకుంది. చివరికి టైలరమ్మే మేడమ్‌కి చేసింది.

“కంగారు పడకండమ్మా,” అంది మేడమ్ ఎత్తుతూనే. కంగారు పడకండి అన్న మాటతోనే టైలరమ్మ మిషను అంచు పట్టుకుంది. “నిన్న సాయంత్రం వచ్చింది. తగ్గిపోయింది. డాక్టరు చూసి వెళ్ళాడు, భయం లేదన్నాడు. ఇప్పుడు నిద్రపోతోంది. మిగతాది తనే చెబుతానంది. నన్ను చెప్పొద్దంది.”

“ఒక్కసారి ముఖం చూపించండి మేడమ్. నిద్ర లేపొద్దు. ఫోను అలా దగ్గరపెట్టి చూపించండి చాలు.”

మేడమ్ తటపటాయించింది. “నిద్రపోతున్నప్పుడు తన ముఖం ఎవరికీ చూపించొద్దని బయలుదేరేముందే మాట తీసుకుందమ్మా.”

“నేను ఎవరినో కాదు కదా. తల్లిని.”

“ముఖ్యంగా అమ్మకి, అంది.”

ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఆమెకి ఊపిరాడలేదు. బాత్రూం తలుపు దోరగా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు, అయినా చెవులు అటే లాగుతున్నాయి. చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. స్టాపులో భర్త నడిపే బస్సు వచ్చేదాకా వచ్చిన ప్రతి బస్సునూ వదిలేసింది.

ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. అతను అద్దంలో చూశాడు.

“ఎక్కడ దిగాలమ్మా?” అన్నాడు మామూలు వేళాకోళంగా. తరువాత ఆమె ముఖం సరిగ్గా చూశాడు. “వచ్చిందా?”

“నిన్న సాయంత్రం. తగ్గిందట. నిద్రపోతోందట. ముఖం చూపించనంది మేడమ్. దానికి ఇష్టం లేదట.”

సిగ్నలు పడితే ఆగాడు, పచ్చలైటు వచ్చినా కదల్లేదు. వెనకనుంచి హారన్లు మోగాయి. అప్పుడు కదిలాడు. తరువాతి స్టాపులో చెయ్యెత్తిన జనాన్ని దాటుకుని బస్సు వెళ్ళిపోయింది.

“స్టాపండీ,” అంది ఆమె.

“అయ్యో,” అన్నాడు. అద్దంలో అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కొంతదూరం పోయాక మెల్లగా అన్నాడు. “పిల్ల వెళ్ళిన రోజునుంచీ ఇంతే. రోజూ ఎవరో ఒకరు తిడుతున్నారు. నీకు చెబితే నువ్వు ఇంకా బెంబేలెత్తుతావని చెప్పలేదు.”

ఇన్నాళ్ళూ భయం తనొక్కదానిదే అనుకుంది టైలరమ్మ. ఆ పూటంతా ఆ సీట్లోంచి లేవలేదు. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ అటు. ఎక్కే జనం దిగే జనం మధ్య అతని వీపు చూస్తూ కూర్చుంది. అతను గేరు మారుస్తున్నాడు, బ్రేకు తొక్కుతున్నాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఎందుకో ఆ వీపు చూస్తుంటే ఆమె వణుకు తగ్గింది.

మర్నాడు పొద్దున ఫోను వచ్చింది. గొంతు కాస్త బరువుగా ఉంది గాని పిచ్చుక గొంతే.

“అమ్మా, ఏడవకుండా వింటావా?”

“ఏడవనులే, చెప్పు.”

“వడ్రంగి సాలలో వచ్చింది. కుర్చీకి రంగు వేస్తున్నాను. అంతవరకే గుర్తుంది. పొట్టి తన కోటు మడిచి తల కింద పెట్టిందట. నువ్వు కుట్టిన కోటు. అక్కడి పిల్లలు కుర్చీలు జరిపి అవతలికి వెళ్ళిపోయారట. అందరూ సరిగ్గా చేశారమ్మా, నేను నేర్పినట్టే.” ఊపిరి తీసుకుంది. “తెలివి వచ్చాక ఏమైందో చెప్పనా? ఎప్పుడూ నేను కళ్ళు తెరిస్తే ముందు కనపడేది ముఖం. నాన్న ముఖం, నాయనమ్మ ముఖం, అన్నిటికంటే దగ్గరగా నీ ముఖం. ఏడుస్తూ, పేరు పిలుస్తూ. అది చూడగానే నేను ఏదో పెద్ద తప్పు చేశాననిపిస్తుంది. నిన్ను చంపేశాననిపిస్తుంది.”

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవనని మాటిచ్చింది.

“మొన్న ముఖం లేదు. చప్పుడు ఉంది. గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు. ఆ కుర్చీలాయన నా పక్కనే నేలమీద కూర్చుని, వీపు నావైపు పెట్టి కోడు రుద్దుకుంటున్నాడు. ఊపిరి ఆడుతోందా అని అప్పుడప్పుడు భుజం మీంచి చూస్తున్నాడు, మళ్ళీ తిరిగి రుద్దుకుంటున్నాడు. నేను చాలాసేపు అలాగే పడుకుని విన్నాను. ఎవరో ఉన్నారు, నాకేం పరవాలేదు అనిపించింది. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనిపించింది. నాకెప్పుడూ అలా అనిపించలేదమ్మా.”

“మరి,” అంది టైలరమ్మ. కొంగు తీసి అడిగింది. “మరి స్నానం?”

“నిన్న పొట్టి తలుపుకి వీపు పెట్టి కూర్చుని అందరి బూట్లూ పాలిష్ చేసింది. బ్రష్షు చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. నేను పాడలేదు.” వెంటనే అంది. “నీ మాట కాదన్నందుకు పొట్టిని ఏమీ అనకు.”

“అననులే.”

“కోపమా?”

“కాదే. ఆ కుర్చీలాయన్ని ఒకసారి చూడాలనుంది.”

“చూసినా వీపే కనిపిస్తుంది,” అని నవ్వింది పిచ్చుక.

మూడు వారాలూ అయ్యాక పసుపు కోటు రంగు మరకలతో ఇల్లు చేరింది. వచ్చిన రోజు కబుర్లతోనే గడిచిపోయింది. గిడ్డంగిలో గుమ్మం ఎటుండాలి, ఎవరు ఏ పని చేసుకుంటూ కూర్చోవాలి అని కాగితం మీద గీతలు గీసి చూపించింది. నాయనమ్మని ఉల్లిపాయల దగ్గర కూర్చోబెడతానంది. “ఏడుస్తూ కూర్చోమంటావా నన్ను?” అంది అత్తగారు.

మర్నాడు పొద్దున పిచ్చుక తువ్వాలు భుజాన వేసుకుని లేచింది. బాత్రూం గుమ్మం దగ్గర ఆగి తల్లివైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. తనుగా అడగదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాడతానని మాటిచ్చింది కదా.

“ఏమండీ, ఇలా రండి,” అని టైలరమ్మ భర్తని పిలిచింది. “ఈ మిషను ఆ చివర పట్టుకోండి.”

“ఎక్కడికి?”

“పట్టుకోండి చెబుతాను.”

ఇద్దరూ కలిసి మిషనుని నేల గీసుకుపోతుంటే లాక్కొచ్చి బాత్రూం పక్కన, గోడవైపు తిప్పి పెట్టారు. టైలరమ్మ స్టూలు వేసుకుని తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. చేతికి దొరికిన గుడ్డ ఒకటి సూది కింద పెట్టింది.

“వెళ్ళు,” అంది వెనక్కి తిరగకుండా. “నాకు పనుంది.”

తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. గడియ చప్పుడు లేదు. కుళాయి విప్పిన చప్పుడు. పాట రాలేదు.

టైలరమ్మ కాలు పలక మీద పెట్టింది. ఆ రోజు తరువాత ఆ వేళప్పుడు ఆ కాలు ఎన్నడూ కదల్లేదు. ఇప్పుడూ కదలనంటోంది. నీళ్ళు పాదం కిందికి వస్తున్నట్టే ఉంది. కిందికి చూసింది. నేల పొడిగా ఉంది. కళ్ళు మూసుకుని తొక్కింది.

మిషను కదిలింది. మొదట ఒక్కొక్క కుట్టు, ఆగి ఆగి. తరువాత వరసగా. అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. భర్త ఒక బూటు తొడుక్కుని రెండోది చేతిలో పట్టుకుని వింటున్నాడు. టైలరమ్మ గుడ్డ తోస్తోంది. కుట్టు వంకరపోతోందని తెలుస్తోంది. కళ్ళలో నీళ్ళు నిండి గుడ్డ కనిపించడం లేదు. అయినా ఆపలేదు. అంచు చివరికి వచ్చి, తిప్పబోతుంటే దారం తెగింది.

మిషను ఆగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. లోపల నీళ్ళ చప్పుడు ఒక్కటే. టైలరమ్మ మెడ వెనక్కి తిరగబోయింది. పళ్ళు బిగపట్టి ఆపుకుంది.

“అమ్మా,” లోపల్నించి పిచ్చుక గొంతు కాస్త కంగారుగా వినిపించింది. “ఎందుకాగింది?”

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న తనది.

“దారం తెగిందే.”

“ఓహో,” అంది పిచ్చుక. “మళ్ళీ ఎక్కించుకో మరి.”

“ఎక్కిస్తున్నా,” అంది తల్లి. తడి కళ్ళకి సూది బెజ్జం దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక దారం లాగి, కాలు పలక మీద పెట్టి, గోడవైపే చూస్తూ తొక్కడం మొదలుపెట్టింది.